జాగ్రత్త: పెర్ల్ వైట్ అని చెప్పి సున్నం కొట్టి పంపారు

పెర్ల్ వైట్, అంటే ముత్యంలా మెరిసే తెలుపు కారు ఉన్నవారు రిపేరు షెడ్డులో తాళాలు ఇచ్చే ముందు ఇది చదవండి. నాకు పదకొండు వేలు పోయాయి.

పార్కింగులో స్తంభానికి ఒరుసుకుని ఎడమవైపు ముందు తలుపు సొట్ట పడింది. షెడ్డు యజమాని చూసి, "ఇది పెర్ల్ సార్, మూడు కోట్లు పడతాయి" అన్నాడు. గుండె జారింది. తర్వాత అర్థమైంది, రూపాయలు కాదు, పూతలు. మామూలు తెలుపైతే నాలుగు వేలలో అయ్యేదట.

ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు. మామూలు తెలుపును క్లియర్ కోటు (రంగు మీద చివరగా వేసే పారదర్శకమైన పూత) లేకుండానే మెరిసే రకం పెయింటుతో ఒకే దశలో ముగించవచ్చు. మెటాలిక్‌లో అల్యూమినియం రేణువులుంటాయి, దాని మీద సాధారణంగా క్లియర్ వేస్తారు. పెర్ల్ వైట్‌కు ముందు తెల్లటి అడుగు రంగు, దాని మీద అభ్రకం రేణువులున్న, వెనుక రంగు కనిపించేంత పలుచని పూత, ఆపైన క్లియర్. ఆ మధ్య పూత ఒకసారి ఎక్కువ కొడితే ఒక ఛాయ, తక్కువ కొడితే మరో ఛాయ. అందుకే పని తెలిసిన పెయింటర్ ముందుగా అట్ట ముక్క మీద కొట్టి, కారు పక్కన పెట్టి పోల్చుకుంటాడు. తేడా తెలియకుండా పక్క ఫెండరు (ముందు చక్రం మీది రేకు) మీదికి కూడా కొంత రంగు కలుపుకుంటూ పోతాడు. ఖర్చంతా ఆ ఓపికకే.

కారు తీసుకున్నది రాత్రి ఏడున్నరకు, ట్యూబులైటు కింద. తళతళలాడుతోంది. డబ్బు ఇచ్చేశాను. నా తప్పు అక్కడే ఉంది.

మర్నాడు ఉదయం మా ఆవిడ వాకిట్లో నిలబడి, "ఈ తలుపు వేరే కారుదా?" అంది. ఎండలో ఫెండరు ముత్యపు చిప్ప లోపలి భాగంలా మెరుస్తోంది. పక్కనే తలుపు గోడకు వేసిన సున్నంలా చదునుగా ఉంది. ఏ పక్క నుంచి చూసినా అదే తెలుపు, కదలిక లేదు.

అనుమానం తీరక నల్లటి గుడ్డకు కొంచెం పాలిష్ రాసి తలుపు మీద రుద్దాను. గుడ్డకు తెల్లగా అంటింది. ఫెండరు మీద రుద్దితే ఏమీ అంటలేదు. పైన క్లియర్ ఉంటే కింది రంగు గుడ్డకు రాదు. అంటే మూడు కాదు, రెండూ కాదు, ఒక్క మామూలు తెలుపు కొట్టి రుద్ది మెరిపించారు.

మరో పెయింటర్ మందం కొలిచే మీటరు పెట్టి చూశాడు. కంపెనీ రంగు, అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత నుంచి క్లియర్ దాకా అన్నీ కలిపినా, సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే సుమారు రెండు తలవెంట్రుకలంత. ఫెండరు మీద 118 వచ్చింది. తలుపు మీద 640! సొట్ట బయటికి లాగకుండా లప్పం నింపేశారన్నమాట.

మీరైతే అంచనా చీటీలో ఏ పూతలు వేస్తారో విడివిడిగా రాయించుకోండి. "పెర్ల్ పెయింటింగ్" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోవద్దు. రంగు కోడ్ చాలా కార్లలో తలుపు తెరిస్తే కనిపించే చట్రం దగ్గరో, ఇంజిన్ గదిలోనో చీటీ మీద ఉంటుంది, దాన్ని కూడా రాయించండి. క్లియర్ హార్డెనర్ (పూత గట్టిపడేందుకు కలిపే మందు) కలిపి వేసేదేనా అని అడగండి. అట్ట ముక్క మీద కొట్టిన నమూనా చూపించమనండి. లప్పం పెట్టే ముందు ఒకసారి వెళ్లి తలుపు చూడండి, ఫోటో తీసుకోండి. కారు మాత్రం పగలే, ఎండలో, పక్క నుంచి వంగి చూసి తీసుకోండి.

షెడ్డుకు వెళ్లి గుడ్డ చూపించాను. "తెలుపు తెలుపే కదా సార్" అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వడట, కావాలంటే ఉచితంగా ఇంకోసారి పాలిష్ పెడతాడట. ఆ పాలిష్‌కు తలుపు మీద మిగిలిన ఆ కాస్త రంగూ గుడ్డకే పోతుంది.