జగదీశ్ మార్కెట్‌లో డిస్‌ప్లే రిపేరు: బొమ్మ వస్తే సరిపోదు, సెన్సార్లూ పనిచేయాలి

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో పగిలిన ఫోన్ డిస్‌ప్లే ఇచ్చి, కళ్లెదుటే కొత్తది వేయించుకుని అదే పూట ఇంటికి వచ్చేయొచ్చు. చేతిపనికి వంక పెట్టడం కష్టం. హీట్ ప్లేటు మీద ఫోన్ పెట్టి గమ్ము మెత్తబడే దాకా ఆగడం, స్క్రూలు వరస తప్పకుండా పేర్చుకోవడం, స్ట్రిప్పు (రిబ్బన్ లాంటి పలుచని వైరు) తెగకుండా కనెక్టర్ లేపడం అక్కడ నిత్యం జరిగే పనులే. చిక్కల్లా ఒక్కటే. బొమ్మ వచ్చింది, టచ్ పనిచేస్తోంది అంటే పనైపోయినట్టే లెక్క. డిస్‌ప్లే వెనకా పైఅంచులోనూ ఉండే సెన్సార్లు చాలా కౌంటర్లలో ఆ లెక్కలోకే రావు. చేతిపనికి 5కి 4 ఇవ్వొచ్చు, అప్పగించే ముందు చేసే చెకింగ్‌కి 2 మించి ఇవ్వలేం.

ముందుగా దెబ్బతినేది ఫోన్ చెవి దగ్గరికొస్తే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సార్. ఫోన్ చెవికి ఆనించినా స్క్రీన్ ఆరదు, చెంప తగిలి కాల్ మ్యూట్ అయిపోతుంది. లేదా ఆరిన స్క్రీన్ కాల్ అయిపోయినా వెలగదు. చాలా ఫోన్లలో ఈ సెన్సార్ అంటే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వదిలే చిన్న ఎల్‌ఈడీ, పక్కనే ఆ కాంతి తిరిగొస్తే పట్టుకునే ఫోటోడయోడ్. ఈ రెండింటి మధ్య కాంతి అడ్డదారిన దూరకుండా నల్లటి రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది, బియ్యపు గింజంత. పాత డిస్‌ప్లే ఊడదీసినప్పుడు అది దానికే అతుక్కుని చెత్తబుట్టలోకి పోతుంది. రబ్బరు లేకపోతే ఎల్‌ఈడీ వెలుగు నేరుగా ఫోటోడయోడ్ మీద పడి, ఎదురుగా ఎప్పుడూ ఏదో ఉన్నట్టే ఫోన్ అనుకుంటుంది. డిస్‌ప్లే అంటించే బి-7000 గమ్ము సెన్సార్ కిటికీ మీదికి పాకినా ఇదే గొడవ. కాపీ గ్లాసుల్లో ఇంకో తేడా: సెన్సార్ కిటికీ మీది నల్ల సిరా ఒరిజినల్‌లో ఇన్‌ఫ్రారెడ్‌ని లోపలికి పోనిస్తుంది, నాసిరకం కాపీలో ఆపేస్తుంది. అందుకే గమ్ము పెట్టకముందే, డిస్‌ప్లే కనెక్టర్ తగిలించి గ్లాసు దాని చోట ఆనించి, ఒక కాల్ చేసి చూపించమని అడగండి. "అంతా అయ్యాక చూద్దాం భయ్యా" అంటే ఒప్పుకోవద్దు. అంటించాక మళ్లీ విప్పితే కొత్త డిస్‌ప్లేకే ప్రమాదం.

రెండోది వేలిముద్ర. స్క్రీన్ కింద ఆప్టికల్ ఫింగర్‌ప్రింట్ ఉన్న ఫోన్‌కి అమోలెడ్ డిస్‌ప్లే (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగేది) తప్పనిసరి. పిక్సెళ్ల సందుల్లోంచే ఆ సెన్సార్ వేలిని చూస్తుంది. చవగ్గా వచ్చే టీఎఫ్‌టీ, ఇన్‌సెల్ కాంబోలు (గ్లాసుతో కలిపి వచ్చే డిస్‌ప్లేలు) ఎల్‌సీడీ రకాలే, వాటిలో వెనక బ్యాక్‌లైట్ షీట్లు అడ్డంగా ఉంటాయి, చూపు ఆనదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వస్తుందన్న మాట నమ్మొద్దు, ఏ అప్‌డేటూ ఆ షీట్లను తీసేయలేదు. కౌంటర్ దగ్గరే తేల్చుకోవాలంటే పూర్తి నల్లటి ఫోటో ఒకటి తెరిచి, బ్రైట్‌నెస్ పెంచి, స్క్రీన్ మీద అరచెయ్యి గొడుగులా పట్టండి. అమోలెడ్ అయితే చిమ్మచీకటి, ఎల్‌సీడీ అయితే బూడిదరంగు వెలుగు. అసలు అమోలెడ్ వేసినా పాత వేలిముద్రలు తీసేసి మళ్లీ ఎక్కించాలి. అప్పటికీ పట్టకపోతే కాలిబ్రేషన్, అంటే కొత్త డిస్‌ప్లేకి తగ్గట్టు సెన్సార్‌ని సర్దడం, కావాలి. అది చేయగలరో లేదో రేటు మాట్లాడేటప్పుడే అడగండి.

ఐఫోన్ ఎక్స్ నుంచి 12 దాకా మాత్రం చాలా జాగ్రత్త. ఇయర్‌పీస్ స్ట్రిప్పు డిస్‌ప్లే వెనకే ఉంటుంది, ఫేస్ ఐడీకి కావలసిన ఫ్లడ్ ఇల్యూమినేటర్ (ముఖం మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసేది) దాని మీదే ఉంది. దాన్ని పాత స్క్రీన్ నుంచి తీసి కొత్తదానికి మార్చాలి. అది చిరిగితే వేరే ఫోన్‌ది తెచ్చి వేసినా ఫేస్ ఐడీ రాదు, ఆ స్ట్రిప్పు ఆ ఫోన్‌తోనే జతపడి ఉంటుంది. ట్రూ టోన్ (చుట్టూ ఉన్న వెలుగుని బట్టి స్క్రీన్ రంగు మారే సదుపాయం) పోవడం చిన్న విషయం. ప్రోగ్రామర్ అనే పరికరం ఉన్న షాపులో పాత స్క్రీన్ డేటా కొత్తదానిలోకి ఎక్కిస్తారు.

ఫోన్ చేతికి రాగానే డయల్ ప్యాడ్‌లో కోడ్ కొట్టి టెస్ట్ మెనూ తెరవండి. శాంసంగ్‌లో *#0*#, షావోమీలో *#*#6484#*#*. రిపేరుకి ఇచ్చే ముందు కూడా ఇదే చేసి స్క్రీన్‌షాట్ ఉంచుకుంటే, ముందే పాడైందన్న వాదనకి తావుండదు. బల్ల మీద ఫోన్ వెల్లకిలా పెడితే కదలికనీ వాలునీ పట్టే యాక్సెలెరోమీటర్ జెడ్ అక్షంలో 9.8 దగ్గర, ఎక్స్, వైలలో సున్నాకి దగ్గరగా చూపాలి. తిరగడాన్ని కొలిచే గైరోస్కోప్ కదలకుండా సున్నా దగ్గర నిలవాలి. అయస్కాంత బలం కొలిచే మాగ్నెటోమీటర్ మన ఊళ్లో సుమారు 40 మైక్రోటెస్లా చూపుతుంది. వందలు చూపిస్తే ముందు అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్ తీసి చూడండి, రిపేరు చేసినవాళ్ల తప్పు కాకపోవచ్చు.

గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ ఉన్న ఫోన్ అయితే దాన్ని వదలొద్దు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ 950 హెక్టోపాస్కల్స్ చుట్టుపక్కల రావాలి. వాతావరణం యాప్‌లో 1010 కనిపించిందని కంగారు పడకండి, అది సముద్రమట్టానికి సవరించిన లెక్క. ఇదే సెన్సార్‌తో గమ్ము పని కూడా తెలుస్తుంది. రీడింగ్ చూస్తూ స్క్రీన్ మధ్యలో బొటనవేలితో మెల్లగా నొక్కండి. లోపలి గాలి ఒత్తిడికి అంకె ఒక్కసారి పైకెగిరి నెమ్మదిగా దిగితే అంచులు బాగా మూసుకున్నట్టు. కదలకపోతే ఎక్కడో సందు ఉంది. ఈ పరీక్ష నెగ్గినా కంపెనీ ఇచ్చిన ఐపీ 68 (నీళ్లూ దుమ్మూ దూరవన్న రేటింగ్) మాత్రం తిరిగి రాదు. వానలో ఫోన్‌ని కవర్లోనే ఉంచండి.

చార్జింగ్ బోర్డు మార్పిస్తే సన్నటి యాంటెనా వైరు కనెక్టర్‌లో టక్కుమని కూర్చుందో లేదో చూడండి. కూర్చోకపోతే సిగ్నల్ బలహీనపడుతుంది. వంపు అంచుల అమోలెడ్‌కి గ్లాస్ ఒక్కటే మార్పించే పని అక్కడ చేయించమని మాత్రం చెప్పలేం. కింద ప్యానెల్ పలుచన, విడదీసేటప్పుడు చిన్న నొక్కు పడ్డా స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత వచ్చే ప్రమాదం ఉంది, తర్వాత మొత్తం డిస్‌ప్లేకే ఖర్చు పెట్టాలి. చదునైన స్క్రీన్లకీ బ్యాటరీలకీ చార్జింగ్ బోర్డులకీ నిశ్చింతగా వెళ్లొచ్చు, కాకపోతే కాపీ రేటు, ఒరిజినల్ రేటు విడివిడిగా బిల్లు మీద రాయించుకోండి.

పాత డిస్‌ప్లే అడిగి వెంట తెచ్చుకోండి. రెండు మూడు రోజులు ఫోన్ వాడి అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలేదాకా పారేయొద్దు. పోయిన రబ్బరు ముక్క, ఇయర్‌పీస్ జాలీ, ట్రూ టోన్ డేటా దాన్నుంచే తీయాలి.