మంచం మీద మాసిక: రెండేళ్ల తర్వాత సీలింగు రిపేరు సంగతి

మాది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో. ఇక్కడ ఏసీ యంత్రం అటిక్‌లో (సీలింగుకీ ఇంటి కప్పుకీ మధ్య అటకలో) ఉంటుంది కాబట్టి సీలింగు తడవడానికి వానే పడక్కర్లేదు. 2023 జూలైలో డ్రెయిన్ పైపులో నాచు పేరుకుని, కింద పళ్లెం నిండి పొర్లి, సరిగ్గా మా మంచం తలవైపు సీలింగు మీద పెసరట్టంత మరక తేలింది. ఏసీ మెకానిక్ పైపు కడిగేసి వెళ్లిపోయాడు. నానిన షీట్‌రాక్ (సీలింగుకీ గోడలకీ బిగించే జిప్సం పలక, డ్రైవాల్ అన్నా ఇదే) కోయించి కొత్త ముక్క వేయించుకోవడం మన పాలిట పడింది.

తెలిసినవాళ్లు ఒక హ్యాండీమ్యాన్ (ఇంట్లో చిల్లర రిపేర్లన్నీ చేసే మనిషి) నంబరిచ్చారు. 250 డాలర్లు. పొద్దున తొమ్మిదికొచ్చి మధ్యాహ్నం మూడుకల్లా రంగుతో సహా ముగించాడు. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో "బంగారం లాంటి మనిషి, కళ్లు మూసుకుని పిలవండి" అని పెట్టాను. నేను కళ్లు మూసుకునే పెట్టానని డిసెంబరులో తెలిసింది.

తెనాలి నుంచి అత్తయ్య వచ్చారు. మధ్యాహ్నం ఆ మంచం మీదే నడుం వాల్చారు. మా పడమటి కిటికీలోంచి నాలుగింటి ఎండ సీలింగుని రాసుకుంటూ పోతుంది. "ఏమ్మా, పైన ఎవరో మాసిక వేసినట్టుందే?" అన్నారు. చూద్దును కదా, నలుచదరంగా ఉబ్బు, దానికి రెండు వైపులా వెంట్రుక మందాన పగులు! ఆర్నెల్లుగా దాని కిందే పడుకుంటున్నాను.

రెండో మనిషిని వెతకడం పెద్ద తంటా అయింది. ఇంత చిన్న పనికి రాలేమని ఇద్దరు మొహం మీదే చెప్పేశారు. టెక్సాస్‌లో ప్లంబరుకీ ఎలక్ట్రీషియన్‌కీ రాష్ట్రం లైసెన్సు ఉండాలి కానీ డ్రైవాల్ వాళ్లకి అక్కర్లేదు. లైసెన్సు నంబరు అడిగి ధైర్యం తెచ్చుకునే వీల్లేదు. ఇన్సూరెన్సు కాగితం అడగాలి, తర్వాత "టెక్స్చర్ (సీలింగు మీద ఉండే గరుకు నగిషీ) పాతదానితో ఎలా కలుపుతావ్?" అనడగాలి. ఈ రెండో ప్రశ్నకి "అదేముందండీ, స్ప్రే డబ్బా దొరుకుతుంది" అన్నవాణ్ణి నేను ఫోనులోనే వదిలేశాను.

వచ్చినాయన మాసిక విప్పి చూపించాడు. పాత సీలింగు మందం 5/8 అంగుళం. మొదటాయన వేసిన ముక్క అర అంగుళం. ఆ తేడాని లప్పంతో పూడ్చాడు (ఇక్కడ మడ్ అంటారు, మన పెయింటర్ల లప్పానికి అన్న లాంటిది). మందంగా పట్టిస్తే లప్పం ఆరేటప్పుడు కుంచించుకుని పగులుతుంది. పైగా మా కప్పు దూలాల మధ్య 24 అంగుళాల ఎడం. ముక్క రెండంచులు దూలాలకి బిగిశాయి, మిగతా రెండూ గాల్లోనే ఉన్నాయి. వాటి వెనక చెక్క పట్టీ వేయనేలేదు. వేలితో నొక్కితే ఊగింది! బకెట్ మడ్ (కలిపి సిద్ధంగా బకెట్‌లో అమ్మేది) ఒక్కో పూత ఆరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అంతా ఒక్క పూటలో అయిపోయిందంటేనే నాకు అనుమానం రావాల్సింది.

ఈయన మూడు రోజులొచ్చాడు, 850 తీసుకున్నాడు. చెక్క పట్టీలు, సరైన మందం షీటు, కాగితం టేపు. మొదటి పూత నీళ్లలో కలిపే పొడి మడ్‌తో, తర్వాత రెండు పూతలు బకెట్‌ది, ఒక్కోటీ ముందుదానికన్నా వెడల్పుగా. ఇవన్నీ ఎవరైనా చేస్తారేమో. నన్ను పడగొట్టింది మూడో రోజు అట్టముక్క.

మాది నాక్‌డౌన్ టెక్స్చర్. మడ్‌ని చినుకుల్లా చిమ్మి, కాస్త బిగిశాక వెడల్పాటి రేకుతో పైపైన నొక్కుతారు, చినుకుల నెత్తి చదునవుతుంది. ఆయన ముందు అమెజాన్ పెట్టె అట్ట మీద చిమ్మాడు, ఆగాడు, రేకు లాగాడు, నిచ్చెనెక్కి అట్టని పాత సీలింగు పక్కన పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపి దిగాడు. కాసిన్ని నీళ్లు కలిపాడు, మళ్లీ ఇంకో అట్ట. నాలుగో అట్టకి గానీ సీలింగు జోలికి పోలేదు. పిండి జారుడు చూసుకుని గానీ పెనం మీద మొదటి దోసె పోయని మా అమ్మ గుర్తొచ్చింది. ఆఖర్న మాసిక మటుకే కాకుండా గోడ నుంచి గోడకి సీలింగంతా రంగేశాడు. నాలుగింటి ఎండలో ఇప్పటికీ అంచు ఎక్కడుందో నాకే దొరకదు.

అంటే, ఒక మూల తప్ప. పోయిన వేసవిలో నాలుగంగుళాల సన్న గీత వచ్చింది. ఫోన్ చేస్తే వస్తానన్నాడు, రాలేదు. చెప్పిన టైముకి ఆ మూడు రోజుల్లో ఒక్క రోజూ రాలేదు. గీకేటప్పుడు ఏసీ ఆపమని కూడా చెప్పలేదు. ఆ సున్నప్పొడి వెంట్లలోంచి ఇల్లంతా తిరిగి, పూజలో దీపపు కుందుల మీద, బియ్యం డబ్బా మూత మీద వారం పాటు తెల్లగా కనిపించింది.

నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి మూడు రోజులు తలుపు తియ్యగలిగాను. మాది 2006లో కట్టిన ఇల్లు. 1980కి ముందుదైతే సీలింగు గీకే ముందు ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఖనిజపు నార) పరీక్ష చేయించాలి, అప్పుడు లెక్క వేరు. మీ గోడలు నున్నటివైతే ఈ టెక్స్చర్ గోల మీకు లేదు, కానీ నున్నటి గోడ మీద ఉబ్బు ఇంకా బాగా కనిపిస్తుంది.

మొన్న లాండ్రీ గదిలో తలుపు పిడి తగిలి గోడకి చిల్లు పడితే మాత్రం మొదటాయన్నే పిలిచాను. 80 తీసుకున్నాడు. తలుపు వెనకే కదా, బానే ఉంది.