14 నెలల కాఫీ సబ్‌స్క్రిప్షన్: నా పేచీ అంతా ఆ ‘ఆదా’ లెక్కతోనే

కాఫీకి వంక పెట్టను, బాగుంటుంది. ఒళ్లు మండేది యాప్‌లో పైన పచ్చరంగులో కనిపించే ‘ఈ నెల మీ ఆదా’ అనే అంకెని చూస్తేనే.

కాఫీ షాపుకు నెలకింతని కట్టేస్తే రోజుకు మూడు కప్పుల దాకా తాగొచ్చు. ఫీజు సుమారు 11 కప్పుల ధర. మొదటి నెల 44 తాగాను, 33 కప్పుల డబ్బు మిగిలిందని యాప్ చెప్పింది, నేనూ నమ్మేసి ఆఫీసులో ముగ్గురిని చేర్పించాను. అప్పుడు తట్టలేదు గానీ, ఇది లేనప్పుడు నేను కొనుక్కున్నది నెలకు 12, 13 కప్పులే. అంటే నిజంగా మిగిలింది ఒకటి రెండు కప్పుల డబ్బు, అదీ కాఫీ ఊరికే వస్తోంది కదా అని పక్కన తీసుకున్న కుకీలకు సరిపోయింది. (షాపువాళ్లకేం, కప్పు ధరలో ఎక్కువ భాగం అద్దె, జీతాలే. నేను ఇంకోటి తాగితే అదనంగా పడేది కాసిని పాలు, గింజలు, ఒక పేపర్ కప్పు.)

నాలుగో నెల ఆఖరి రోజు మాత్రం మర్చిపోలేను. సాయంత్రం ఆరున్నరకి ఇంటికని బయల్దేరి లిఫ్ట్ దాకా వచ్చాక, ఆ రోజు వాటాలో ఇంకో కప్పు ఉండిపోయిందని గుర్తొచ్చి వెనక్కెళ్లాను. తాగాలని లేదు, వదిలేయడానికి మనసొప్పలేదు, అంతే. పెద్ద లాటే తీసుకుని, నాలుగు గుక్కలకే మొహం మొత్తి మళ్లీ అవి డబ్బులు కదా అని సగం దాకా లాగించి, మిగతాది సింకులో పోశాను. ఫోన్ చూస్తే ఆదా ఒక కప్పు పెరిగింది! ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుందట, రాత్రి రెండింటి దాకా ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను.

ఇప్పుడేమో వారానికి మూడు రోజులే ఆఫీసు. అమెరికా జిమ్ముల మీద 2006లో డెల్లావిగ్నా, మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు రాసిన పరిశోధనలో, 10 డాలర్లకే ఒక్కోసారి వెళ్లొచ్చే పాస్ ఉన్నా, నెలవారీ కట్టినవాళ్లకు వెళ్లిన ప్రతిసారీ 17 డాలర్లకు పైనే పడిందని తేలింది. నేనూ ఆ బాపతులో చేరాను. పోయిన నెల తాగింది 9 కప్పులు, అంటే రెండు కప్పుల డబ్బు ఎదురు కట్టాను. యాప్ మాత్రం మైనస్ చూపించలేదు, సున్నా దగ్గరే ఆగిపోయింది.

రోజూ ఆఫీసుకెళ్తూ, ముందునుంచే రోజుకో కప్పు కొనే అలవాటుంటే గిట్టుబాటవుతుందేమో. నేనైతే ఇంకా రద్దు చేయలేదు, వచ్చే నెలనుంచి మళ్లీ ఐదు రోజులూ రమ్మంటున్నారు.