తలలో రూపాయి బిళ్లంత ఖాళీ: ట్యూబా, సూదా, గురివింద గింజా?

తలలో ఒకచోట రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడితే ఇంట్లో అందరికీ టెన్షనే. ఒకరు గురివింద గింజ అరగదీసి రాయమంటారు, ఇంకొకరు మెడికల్ షాపు నుంచి ట్యూబు తెచ్చిస్తారు. ఏది మేలో తేలాలంటే ముందు ఆ చోటును మంచి వెలుతురులో చూడాలి.

చర్మం నున్నగా ఉండి, పొలుసులు లేకపోతే చాలావరకు అది పేనుకొరుకుడే. అంచుల్లో పొట్టి వెంట్రుకలుంటాయి, మొదట్లో సన్నగా, కొనకు లావుగా. కొందరికి గోళ్ల మీద సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలూ పడతాయి. మన రక్షణ కోసం ఉన్న టి-కణాలే జుట్టు కుదుళ్ల మీద దాడి చేయడం దీనికి కారణం. కుదురు మాత్రం చావదు. అందుకే జుట్టు మళ్లీ వస్తుంది. మొదట తెల్లగా వచ్చినా కంగారు పడొద్దు.

పొలుసులు రాలుతూ, దురద పెడుతూ, వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్ల చుక్కల్లా మిగిలితే, అందులోనూ బడి పిల్లల్లో అయితే, తల తామరేమో చూడాలి. అది ఫంగస్, దువ్వెనల ద్వారా కూడా అంటుకుంటుంది. దాని మీద స్టెరాయిడ్ ట్యూబు రాస్తే పైకి తగ్గినట్టే ఉండి లోపల ముదురుతుంది. వెంట్రుకలోకి చేరిన ఫంగస్‌కు పైపూత చాలదు. గ్రిసియోఫల్విన్, టెర్బినఫిన్ లాంటి మాత్రలు వారాల తరబడి వాడాలి. అనుమానం ఉంటే నాలుగు వెంట్రుకలు, కాస్త పొట్టు తీయించి మైక్రోస్కోపు పరీక్ష చేయించడం ఏ ట్యూబు కన్నా మేలు.

పేనుకొరుకుడే అని తేలి, ఒకటి రెండు చోట్లే ఉంటే, ఊరికే ఆగినా తప్పు లేదు. చాలామందికి ఏడాదిలోపు దానంతటదే వస్తుంది. ఆగలేని పెద్దవాళ్లకు నా ఓటు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లకే. ఖాళీ ఉన్నచోటే 4–6 వారాలకోసారి ఇస్తారు. అక్కడ చర్మం కొంచెం లోపలికి దిగొచ్చు. చిన్నపిల్లలకు స్టెరాయిడ్ పూతే నయం. తల చాలావరకు ఖాళీ అయిన పెద్దవాళ్లకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చిన బారిసిటినిబ్ మాత్ర ఉంది. కానీ ఆపితే మళ్లీ ఊడొచ్చు, ఇన్ఫెక్షన్ల భయమూ ఉంది.

గురివింద మాత్రం వద్దే వద్దు. అందులో అబ్రిన్ అనే విషం ఉంది. నూరిన గింజ పిల్లల నోట్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. అది రాసిన చోట పుండు పడి మచ్చ కడితే, తనంతట రావాల్సిన జుట్టు కూడా అక్కడ రాదు.