నాలుగేళ్లు బేతాళుణ్ణి భుజాన మోశాక

కొత్తలో రాసే రివ్యూలు నమ్మకండి. బేతాళుడు మొదటి వారం ఎవరికైనా నచ్చుతాడు. రెండు వానాకాలాలు గడిస్తే గానీ అసలు సంగతి తెలియదు. నాకు నాలుగు గడిచాయి.

2021 వానల్లో దొరికాడు. పరిగిలో అమ్మను చూసి యాక్టివా మీద మెహిదీపట్నం వస్తున్నాను. చేవెళ్ల దాటాక వాన దంచికొడుతుంటే ఒక మర్రి కింద ఆగి రెయిన్‌కోటు తీశాను. నేను తొడుక్కునేలోపే అందులో ఇంకెవరో దూరారు. బీజాపూర్ రోడ్డున తిరిగేవాళ్లకు ఆ మర్రులు తెలుసు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా అప్పట్లో దాదాపు 900 ఉండేవి. రోడ్డు వెడల్పు చేస్తే అవి పోతాయని గొడవ, కేసు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. "నష్టపరిహారం జాబితాలో నా పేరు లేదు రాజా" అన్నాడు రెయిన్‌కోటు లోపలి నుంచి. ఆ గొంతులో బాధ కంటే చిరాకే ఎక్కువ వినిపించింది. సరే ఎక్కమన్నాను.

అందరూ మొదట అడిగేది శవం గురించి. మా అపార్ట్‌మెంట్‌లో కుక్కపిల్లకే పర్మిషన్ లేదు, శవం ఎక్కడ కుదురుతుంది? ఆ రాత్రే తేల్చేశాను. శవాలు ఊరి బయటే, ఇంట్లో మాత్రం రెయిన్‌కోటే. ఒప్పుకున్నాడు. చందమామలో శంకర్ గారి బొమ్మ చూసి పెరిగినవాళ్లు చేతిలో కత్తి, భుజాన శవం, ఆ నడకలో ఠీవి ఊహించుకుంటారు. అవేవీ ఉండవు. నెత్తిన హెల్మెట్, వీపున టిఫిన్ బాక్సు బ్యాగు, దాని మీద వేలాడే నీలం రెయిన్‌కోటు, అంతే. బరువు తక్కువే, కానీ కథ మొదలయ్యాక పెరుగుతుంది. లీటరుకు 45 ఇచ్చే బండి 38కి దిగింది.

ఇక అసలు ఉపయోగం. మెహిదీపట్నం నుంచి రాయదుర్గం ఆఫీసుకు వెళ్లే దారిలో, టోలిచౌకి ఫ్లైఓవర్ దగ్గర బండ్లు కదలనప్పుడు, బేతాళుణ్ణి మించిన కాలక్షేపం లేదు. ఒకరోజు ఆ తలలు మారిన కథ ఎత్తుకున్నాడు. ఇద్దరు మగాళ్ల తలలు తెగిపడితే, వాళ్లలో ఒకడి భార్య కంగారులో ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికించింది. ఇప్పుడు వాళ్లలో ఆమె మొగుడెవరు? తెలిసీ చెప్పకపోతే నా తల వెయ్యి ముక్కలు.

"ఆధార్‌లో ఫోటో ఎవరిదో వాడే మొగుడు" అన్నాను. విక్రమార్కుడు చెప్పిందీ దాదాపు అదే, తల ఎవరిదైతే వాడే అని. అక్కడితో ఊరుకోకుండా, "కానీ ఆఫీసులో హాజరు పడదు, వేలిముద్రలు రెండోవాడివి కదా" అన్నాను. బేతాళుడు చాలాసేపు మాట్లాడలేదు. సోమదేవుడు 11వ శతాబ్దంలో కథాసరిత్సాగరంలోకి ఎక్కించిన కథ ఇది, ఇన్ని వందల ఏళ్లలో ఎవరూ వేలిముద్రల మాటెత్తలేదట.

ఇక్కడే మొదటి లోపం. జవాబు చెప్పగానే చెట్టెక్కేస్తాడు. చెట్టేమో చేవెళ్ల దగ్గర! మొదటి ఆరు నెలలు ఆదివారాలన్నీ వాణ్ణి దింపుకు రావడానికే సరిపోయాయి. పెట్రోలు ఖర్చు రాసుకోవడం కూడా మానేశాను. చివరికి ఆ చెట్టు కొమ్మే ఒకటి తెచ్చి, ఖాళీ పెయింటు బకెట్‌లో నాటి బాల్కనీలో పెట్టాను. మర్రి కదా, ఇట్టే వేరు పట్టింది. ఇప్పుడు ఫ్లైఓవర్ మీద మాయమైతే బాల్కనీలో తేలతాడు. కొనేవాళ్లకు, అంటే తెచ్చుకునేవాళ్లకు ఒక సలహా: ఏటా బకెట్ తిరగేసి వేర్లు కత్తిరించండి. నేను ఒక ఏడాది బద్ధకించాను. వేరు బకెట్ అడుగు చీల్చుకుని నేల టైల్స్ సందులోకి దిగింది. ఓనర్‌కు ఇంకా చెప్పలేదు.

రెండో లోపం చిన్నది కాదు. తెలిసింది చెప్పేయడం అలవాటైపోతుంది. మీటింగ్‌లో బాస్ "ఈ ఆలస్యానికి కారణం ఎవరు?" అని గాల్లోకి అడిగాడు. అందరూ ల్యాప్‌టాప్‌లోకి చూస్తున్నారు. నాకు తల జుమ్మంది, మీరేనని చెప్పేశాను. ఆ ఏడాది హైక్ రాలేదు.

రాత్రిళ్లు బట్టల దండేనికి తలకిందులుగా వేలాడతాడు. గురక లేదు. తిండి ఖర్చు లేదనే అనుకున్నాను, అమ్మ వచ్చేదాకా.

అమ్మ పోయిన సంక్రాంతికి వచ్చింది. వాణ్ణి చూసి భయపడలేదు సరికదా, "ఏం పిలగానివిరా, గట్ల ఏలాడుతున్నవ్? దిగు, రొట్టె తిను" అంది. గౌరవం కొద్దీ వాడు విక్రమార్కుడే నోరు మూసుకున్న చివరి కథ విప్పాడు. ఒక తండ్రీ కొడుకూ దారిలో ఇద్దరు ఆడవాళ్ల అడుగుల జాడ చూసి, పెద్ద పాదాలావిడ తండ్రికి, చిన్న పాదాలావిడ కొడుక్కి అని ముందే ఒట్టేసుకున్నారు. తీరా చూస్తే వాళ్లు తల్లీ కూతుళ్లు, పెద్ద పాదాలు కూతురివి! ఒట్టు ప్రకారమే పెళ్లిళ్లయ్యాయి. ఈ రెండు జంటలకూ పుట్టిన కొడుకులు ఒకరికొకరు ఏమవుతారు?

అమ్మ పెనం మీద జొన్న రొట్టె తిప్పుతూనే ఉంది. "ముసలాయనకు పుట్టినోడు ఆ పెండ్లికొడుక్కు తమ్ముడే గదా? గట్లయితే పెండ్లికొడుకు పిల్లగానికి వాడు చిన్నాయన. ఇగ తల్లికి పుట్టినోడు ఆ బిడ్డకు తమ్ముడు, బిడ్డ కొడుక్కు మేనమామ. ఒగడు చిన్నాయన, ఒగడు మేనమామ. గింతదానికి గన్నేండ్లు చెట్టు మీద కూసున్నవా?"

దండెం మీంచి కింద పడ్డాడు. నాలుగేళ్లలో పడటం అదొక్కసారే. నియమం ప్రకారం చెట్టెక్కాలి, బకెట్ మూడడుగుల దూరంలోనే ఉంది. ఎక్కలేదు. లేచి కూర్చుని ఇంకో రొట్టె అడిగాడు.

అప్పట్నుంచి ఏ కథైనా ముందు ఫోన్‌లో అమ్మకు వినిపిస్తున్నాడు. నాకు టోలిచౌకి దగ్గర చెప్పేటప్పుడు, ప్రశ్న వెనకాలే జవాబు కూడా తనే అనేసి బాల్కనీకి వెళ్లిపోతున్నాడు. ఐదులో ఒక స్టార్ అందుకే కోశాను.