మొక్కలకు నాలుగు స్టార్లు, కుండీ అడుక్కి ఒకటి

కరివేపాకు 60 రూపాయలు, బొండుమల్లె 80, నందివర్ధనం 120. కడప చుట్టుపక్కల ఈ ధరకు ఇంత నిగనిగలాడే మొక్కలు నాకింకెక్కడా దొరకలేదు. ఊరి బయట నర్సరీ. ఓనరు మంచి మనిషి, నలుగురిలో పెట్టడం ఇష్టం లేక పేరు రాయడం లేదు.

దసరా దాటాక వానలు పట్టుకున్న వారంలో ఎనిమిది కుండీలు తెచ్చి మిద్దె మీద పెట్టాను. పక్కనే నా వర్మీ కంపోస్టు తొట్టి. ఆఫ్రికన్ వానపాములు, మూడేళ్లుగా తడి గోనెపట్టా కప్పి పిల్లల్లా సాకుతున్నవి. నాలుగో రోజు రాత్రి కరెంటు పోయింది. ట్యాంకులో నీళ్లు చూద్దామని టార్చి పట్టుకుని ఎక్కితే, తొట్టి అడుగు బెజ్జం దగ్గర రిబ్బను ముక్కలాంటిది కదులుతోంది. జానెడు పైనే ఉంది. లేత గోధుమ రంగు వీపు మీద పొడుగునా ఐదు నల్ల గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు. తల చూస్తే అచ్చం అట్లకాడ! దాన్ని అటూ ఇటూ ఊపుకుంటూ వాసన పడుతోంది. కాసేపటికి ఒక వానపామును చుట్టేసింది. నోరు తలలో లేదు, పొట్ట కింద నడిమధ్యన ఉంది. అందులోంచి తెల్లటి గొట్టం బయటికొచ్చి వానపాముకు అతుక్కుంది. బయటే కరిగించుకుని జుర్రుకుంటుంది. అరగనిది పోవడానికి వేరే దారి కూడా లేదు, మళ్లీ ఆ నోరే. చూడలేకపోయాను, అలాగని కదల్లేకపోయాను కూడా.

ఇది నేల మీద బతికే చదును పురుగు, బైపాలియం క్యూయెన్సే. పుట్టిల్లు ఆగ్నేయాసియా. కానీ 1878లో దానికి పేరు పెట్టింది లండన్ క్యూ గార్డెన్స్ గాజుగదిలో దొరికినదాన్ని చూసి. అప్పటికే కుండీల్లో కూర్చుని ఓడలెక్కేసిందన్నమాట. ఒంట్లో నీళ్లు నిలుపుకోలేని జీవి, న్యాయంగా మన కడప ఎండకు మాడిపోవాలి. షేడ్‌నెట్ కింద రెండు పూటలా నీళ్లు కొడుతూ, కుండీలన్నీ నేలకే ఆనించి ఇరికిస్తే ఎండాకాలంలోనూ దానికి కొత్తల్లుడి మర్యాదే.

మర్నాడు దాన్ని సీసాలో వేసి నర్సరీ ఓనరు దగ్గరికి తీసుకెళ్లాను. "ఏం కాదులేక్కా, జలగ మాదిరిది" అని, నేను వద్దనే లోపలే కొమ్మలు కత్తిరించే కత్తెరతో మూడు ముక్కలు చేసి కుండీల మధ్యకు విసిరేశాడు. నా ఒక్క స్టారు పోయింది ఇక్కడే. ముక్కలు వెంటనే పాకిపోతాయి, వారం పది రోజుల్లో తల మొలుస్తుంది. మామూలుగా సంతానం పెంచుకునేదీ అలాగే, తోక చివర తెంపి వదిలేస్తుంది. వంగి వెతికితే రెండు ముక్కలే దొరికాయి. ఉప్పులో వేశాను.

జలగ కాదు, రక్తం తాగదు. అయితే పఫర్ చేపల్లో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం దీని ఒంట్లోనూ ఉందని 2014లో తేల్చారు. ఉత్త చేత్తో పట్టుకోకండి, కోళ్లకు వేయకండి. ఉప్పో, సలసల కాగే నీళ్లో చాలు.

ఓనరు గురించి ఇంకో మాట. వాడిపోయిన నందివర్ధనం పట్టుకెళితే మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చాడు. మొన్న వెళ్లేసరికి మల్లె కుండీలు ఇటుకల మీదికి ఎక్కి ఉన్నాయి, మిగతావి నేల మీదే. నేనింకా అక్కడే కొంటాను. కాకపోతే తెచ్చిన కుండీలు మూడు వారాలు గేటు పక్క గచ్చు మీదే ఉంటాయి, రాత్రి పూట ఎత్తి అడుగు చూస్తాను.

తొట్టిలో వానపాములు సగానికి పైగా పోయాయి. ఎవరి దగ్గరైనా కిలో ఉంటే చెప్పండి, డబ్బులిచ్చే తీసుకుంటాను.