నలభై వేలలో పెద్ద టీవీ: పేరున్న 43 అంగుళాలా, అంత పేరులేని 55 అంగుళాలా?

విజయవాడలో ఏలూరు రోడ్డు మీదనో బందరు రోడ్డు మీదనో ఉన్న షోరూములోకి నలభై వేల రూపాయల లోపు పెట్టగలమనుకుని వెళ్లిన కుటుంబానికి కాసేపట్లోనే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇంచుమించు అదే సొమ్ముకు ఒక గోడ మీద సోనీ, శాంసంగ్, ఎల్‌జీ వంటి పాత పేర్ల 43 అంగుళాల టీవీ కనిపిస్తుంది, ఎదురు గోడ మీద టీసీఎల్, హైసెన్స్, షావోమీ, ఏసర్ వంటి కంపెనీల 55 అంగుళాల టీవీ కనిపిస్తుంది. రెండింటి మీదా 4కే అనే రాసి ఉంటుంది. "ధర ఒకటేనండి, పెద్దది వస్తోంది కదా" అంటాడు అమ్మే కుర్రాడు. "పేరున్నది కొంటే పదేళ్లు చూసుకోనక్కరలేదు" అంటారు వెంట వచ్చిన బావగారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టే తేల్చుకోవడం కష్టం.

ధర సంగతి ముందు చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే పన్నుతో కలిపి 40,000 రూపాయలు పలికిన టీవీ, కంపెనీ తన ధర మార్చకుండా ఉంటే, 36,875 రూపాయలకు రావాలి. మిగిలే మూడు వేల పైచిలుకును ఇంకా పెద్ద సైజు మీద పెట్టాలన్న ఆశ సహజమే గాని, దాన్ని ఎక్కడ పెడితే మేలో తరువాత చెబుతాను. వడ్డీ లేని వాయిదాలన్న మాటను కూడా పూర్తిగా నమ్మనక్కరలేదు. క్రెడిట్ కార్డు వాయిదాల్లో వడ్డీని ధరలో తగ్గించి చూపినా, ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము సాధారణంగా కొన్నవారి బిల్లులోనే చేరతాయి.

అంగుళాల లెక్కలో చాలామంది తక్కువగా అంచనా వేసేది వైశాల్యాన్ని. టీవీకి చెప్పే కొలత తెర మూల నుంచి మూలకు ఉన్న దూరం. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, ఎత్తు 53.5 సెంటీమీటర్లు. 55 అంగుళాల దానికి వెడల్పు సుమారు 122, ఎత్తు 68.5. మూలల కొలతలో తేడా పన్నెండు అంగుళాలే అయినా, బొమ్మ పరుచుకునే చోటు 64 శాతం పెరుగుతుంది. మధ్యలోని 50 అంగుళాల తెర కూడా 43 కంటే 35 శాతం పెద్దది. వెయ్యి, రెండు వేల తేడాలో సైజు మారుతున్నప్పుడు ఈ లెక్క గుర్తుంటే బేరం తేలికవుతుంది.

అయితే ఎంత పెద్దది కావాలో గోడ చెప్పదు, సోఫా చెబుతుంది. పటమట, సత్యనారాయణపురం వంటి చోట్ల అపార్ట్‌మెంటు హాళ్లలో సోఫాను వెనక గోడకు ఆనించి వేస్తే తెరకు, కంటికి మధ్య తొమ్మిది, పది అడుగులు మిగలడం మామూలు. వన్ టౌన్ పాత ఇళ్లలో ముందుగది ఇరుకైతే ఆ దూరం ఆరు అడుగులకు మించదు. మామూలు చూపున్న కన్ను ఒక హద్దు దాటాక పక్కపక్కనున్న రెండు చుక్కలను విడదీయలేదు. 4కేలో నాలుగో వంతు చుక్కలుండే ఫుల్ హెచ్‌డీ తెరకు ఆ హద్దు తెర ఎత్తుకు సుమారు మూడు రెట్ల దూరం, 4కే తెరకు అందులో సగం. ఈ లెక్కన 43 అంగుళాల టీవీ ముందు అయిదుంపావు అడుగులు, 55 అంగుళాల టీవీ ముందు దాదాపు ఆరుముప్పావు అడుగులు దాటి కూర్చుంటే, 4కేలో అదనంగా వచ్చే చుక్కలు మన కంటికి అందడం మానేస్తాయి. తొమ్మిది అడుగుల నుంచి 43 అంగుళాల 4కే చూసే కుటుంబం కంటికి ఆనని నాణ్యతకు డబ్బు కట్టినట్టే. ఆ దూరానికి 55 అంగుళాల మీద కూడా 4కే లాభం దాదాపు దక్కదు, కాని బొమ్మ కనీసం నిండుగా కనిపిస్తుంది. అందుకే తొమ్మిది అడుగుల హాలులో మొదటి ఓటు 55కే పడుతుంది.

ఆ ఓటును వెనక్కి లాగగలిగేది టీవీలోకి వచ్చే సిగ్నల్. మన ఇళ్లలో ఇప్పటికీ చాలా గంటలు నడిచేది కేబులు, డిష్, ఏపీ ఫైబర్‌నెట్ పెట్టెల ద్వారా వచ్చే వార్తలు, సీరియళ్లు. హెచ్‌డీ కాని మామూలు చానల్, అంటే ఎస్‌డీ చానల్ బొమ్మలో మహా అయితే 720 నిలువు వరుసలు, 576 అడ్డ వరుసలు ఉంటాయి, అంటే నాలుగు లక్షల చిల్లర చుక్కలు. 4కే తెర మీద 3,840 నిలువు, 2,160 అడ్డ వరుసలు, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. సరిగ్గా ఇరవై రెట్లు. తెర మీది ప్రతి ఇరవై చుక్కల్లో ఒక్కటే బయటి నుంచి వస్తుంది, మిగతా పందొమ్మిదీ టీవీ లోపలి ప్రాసెసర్ ఊహించి నింపినవే. ఆ ఊహ బాగుంటే ముఖాలు కాస్త మెత్తగా కనిపిస్తాయి. బాగోకపోతే జుట్టు, చీర అంచులు, గోడ మీది క్యాలెండరు అన్నీ మైనంలో ముంచినట్టు అయిపోతాయి. ఈ పనిలో పేరున్న కంపెనీలు, ముఖ్యంగా సోనీ, అదే ధరలోని కొత్త కంపెనీల కంటే సాధారణంగా మెరుగు. పైగా 43 అంగుళాల తెర లోపాన్ని కొంత దాస్తుంది, 55 అంగుళాలది దాన్ని సాగదీసి చూపిస్తుంది.

కాబట్టి ఎస్‌డీ చానళ్లే ప్రధానంగా చూసే ఇంట్లో పెద్ద తెర కొంటే, చానళ్లను కూడా హెచ్‌డీకి మార్చుకోవడం తప్పదు. ప్రధాన తెలుగు వినోద చానళ్లకు హెచ్‌డీ రూపాలు ఉన్నాయి, నెలనెలా ప్యాకు మీద పడే అదనాన్ని టీవీ ధరలో భాగంగానే లెక్కవేయాలి. ఓటీటీల్లోనూ 4కే ఊరికే రాదు. నెట్‌ఫ్లిక్స్ దాన్ని అన్నిటికంటే ఖరీదైన ప్లానులోనే ఇస్తుంది, అందుకు సెకనుకు కనీసం 15 మెగాబిట్ల నెట్ ఉండాలంటుంది. కింది ప్లానుతో సరిపెట్టుకునేవారి పెద్ద టీవీ మీద ఆడేది హెచ్‌డీయో ఫుల్ హెచ్‌డీయో మాత్రమే. ముందే చెప్పినట్టు తొమ్మిది అడుగుల దూరానికి ఫుల్ హెచ్‌డీ లోటుగా అనిపించదు కాబట్టి దీనికి బెంగపడనక్కరలేదు.

ఇక ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర. షోరూములో దీని గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు, కాని ఈ ధరలో టీవీకీ టీవీకీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఎల్‌ఈడీ టీవీల్లో వాడే తెరలు ప్రధానంగా రెండు రకాలు. వీఏ రకంలో నలుపు నల్లగా కనిపిస్తుంది, తెలుపు నలుపుల వెలుగు నిష్పత్తి 3,000:1కి పైగానే ఉంటుంది. ఐపీఎస్‌లో అది 1,000:1 దగ్గర ఆగిపోతుంది కాబట్టి రాత్రి లైటు ఆర్పి సినిమా చూస్తే చీకటి సన్నివేశాలు బూడిద రంగులో తేలతాయి. అయితే వీఏ తెర ముందు నేరుగా కూర్చున్నవారికే బాగుంటుంది. పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి, ఐపీఎస్ పక్క నుంచి కూడా నిలకడగా ఉంటుంది. మన హాళ్లలో సోఫా ఎదురుగా ఉన్నా దివాన్ పక్క గోడకు ఉంటుంది, అన్నాల బల్ల ఇంకో మూలన ఉంటుంది. దివాన్ మీద నాన్నగారు పడుకుని రోజంతా వార్తలు చూసే ఇల్లయితే ఐపీఎస్, అందరూ సోఫాలో చేరి రాత్రి సినిమాలు చూసే ఇల్లయితే వీఏ. పేరున్న కంపెనీ, పేరులేని కంపెనీ అన్న తగవు కంటే ఈ ఎంపిక ఎక్కువ ప్రభావం చూపుతుంది. ఒకే కంపెనీ ఒకే వరుసలో 43కు ఒక రకం, 50కి మరో రకం తెర వాడడం మామూలే కనుక, కొనబోయే సైజు ముందే నిలబడి చూడాలి.

పెట్టె మీద అంటించిన మిగతా ముద్రలను త్వరగా దాటవచ్చు. హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడల తేడాను మరింతగా చూపే సిగ్నల్. అలా రాసి ఉంటే ఆ సిగ్నల్‌ను టీవీ స్వీకరిస్తుందని అర్థం, దాన్ని చూపగల వెలుగు ఉందని కాదు. ఈ ధరలో చాలా తెరల వెలుగు 250 నుంచి 350 నిట్ల మధ్యే ఉంటుంది. క్యూఎల్‌ఈడీ అంటే ఎల్‌ఈడీ వెలుగుకు ముందు రంగులను మెరుగుపరచే పొర ఉన్న టీవీయే తప్ప, ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే ఓఎల్‌ఈడీతో దానికి పోలిక లేదు. మీ బాల్కనీ పడమర వైపు ఉండి, వేసవి సాయంత్రం ఎండ హాలులోకి పరుచుకునేదైతే, నలభై వేలలోని ఏ టీవీ కూడా దానితో పోటీపడలేదు, మందపాటి కర్టెను ఒక్కటే దారి. పేరు కూడా తెలియని కంపెనీల 65 అంగుళాల టీవీలు, వందల లూమెన్ల లెక్క చెప్పే చవక ప్రొజెక్టర్లు ఇదే ధరలో ఊరిస్తుంటాయి. మొదటివాటికి విడిభాగం దొరకదు, రెండోవాటికి పగలు పనికివచ్చే వెలుగు ఉండదు.

షోరూములో టీవీలన్నీ కళ్లు చెదిరే వెలుగుతో, అక్వేరియం చేపలు, నెమలి ఈకల వీడియోలతో నడుస్తుంటాయి. ఆ వీడియోలో ఏ టీవీ అయినా బాగానే ఉంటుంది. పిక్చర్ మోడ్‌ను వివిడ్ నుంచి సినిమాకో స్టాండర్డ్‌కో మార్చమని, ఒక తెలుగు వార్తల చానల్ పెట్టమని అడగండి. తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగును రెండు నిమిషాలు చూడండి. తెలుగు లిపి ఈ పరీక్షకు తగినది, ఎందుకంటే ఒత్తులు, వట్రుసుడులు చిన్నవిగా ఉండి వరుస కిందికి వేలాడుతుంటాయి. కదలికను సరిగ్గా పట్టలేని తెర మీద తలకట్టు చెదిరి, ఒత్తు పక్క అక్షరంలో కలిసిపోయి, మంత్రి పేరు ఒకటైతే ఇంకొకటిగా చదువుకోవాల్సి వస్తుంది. తరువాత పాత క్రికెట్ మ్యాచ్ ఒకటి యూట్యూబ్‌లో పెట్టించండి. బంతి వెంట కెమెరా పచ్చటి మైదానం మీదుగా కదులుతున్నప్పుడు మురికి నీడల్లాంటి నిలువు చారలు కనిపిస్తే ఆ తెరలో వెనక వెలుతురు సమంగా లేదన్నమాట, అది ఇంటికి వెళ్లాక సర్దుకునే లోపం కాదు. చివరగా, మీ ఇంట్లో దివాన్ ఎంత పక్కకు ఉంటుందో అంత పక్కకు జరిగి నిలబడి ముఖాల రంగు చూడండి. అమ్మేవారు విసుక్కున్నా ఈ పదిహేను నిమిషాలు వదులుకోవద్దు.

రిమోటు నొక్కాక మెనూ ఆలస్యంగా తెరుచుకోవడం, యాప్ మధ్యలో ఆగిపోవడం 2 జీబీ ర్యామ్ ఉన్న టీవీల్లో కొంతకాలానికి మామూలే. ఈ ఒక్క కారణంతో మంచి తెరను వద్దనకూడదు, ఎందుకంటే యాప్‌లను తానే నడిపే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి వెనక గుచ్చితే ఆ ఇబ్బంది తీరిపోతుంది. తెర బాగోకపోతే తీర్చే పరికరం ఏదీ లేదు. పన్ను తగ్గి మిగిలిన మూడు వేలను ఈ స్టిక్‌కు గాని, అదనపు వారంటీకి గాని దాచమనేది అందుకే. సన్నటి టీవీలన్నిటికీ స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి కాబట్టి మాటలు స్పష్టంగా వినిపించవు. ఇంట్లో పెద్దవారుంటే ఆ డబ్బు సౌండ్‌బార్‌కు వెళ్లడం ఇంకా మేలు. కరెంటు తేడా చిన్నది: 55 అంగుళాలది 120 వాట్లు, 43 అంగుళాలది 80 వాట్లు తీసుకుంటాయనుకుంటే, రోజుకు అయిదు గంటల వాడకానికి నెలకు ఆరు యూనిట్లు.

పేరున్న కంపెనీకి నిజంగా మొగ్గు వచ్చేది మరమ్మతు దగ్గర. టీవీలో ప్యానెల్ పోతే దాన్ని మార్చే ఖర్చు టీవీ ధరలో సింహభాగం ఉంటుంది. విజయవాడలో సొంత సర్వీస్ కేంద్రం ఉన్న కంపెనీ అయితే మనిషి ఇంటికి వస్తాడు, విడిభాగం హైదరాబాదు నుంచి రావలసినదైతే వారాలు పట్టవచ్చు. తెనాలిలోనో మంగళగిరిలోనో ఉండేవారు తమ పిన్‌కోడ్‌కు ఇంటి వద్ద సేవ ఉందో లేదో కొనకముందే కంపెనీ కస్టమర్ కేర్‌లో కనుక్కోవాలి. కొత్త కంపెనీలు కొన్ని ఈ భయాన్ని పోగొట్టడానికి రెండేళ్ల వారంటీ ఇస్తున్నాయి. అందులో ప్యానెల్ కూడా ఉందని బిల్లు మీద రాయించుకుంటే ఆ మేరకు మొగ్గు తగ్గుతుంది.

నా లెక్క ఇలా తేలుతుంది. సోఫా తెరకు ఎనిమిది అడుగులకు పైబడి ఉండి, హెచ్‌డీ చానళ్లో ఓటీటీయో ఎక్కువగా చూసే ఇంటికి, ప్యానెల్ మీద రెండేళ్ల వారంటీ ఉన్న 55 అంగుళాలదే నేను కొంటాను, పేరు అంత పాతది కాకపోయినా సరే. ఆరేడు అడుగుల గది, రోజంతా ఎస్‌డీ వార్తలు, సీరియళ్లు అయితే పేరున్న 43 అంగుళాలది తీసుకుని సుఖంగా ఉండవచ్చు. 50 అంగుళాలను రాజీగా కాక, ఏడెనిమిది అడుగుల గదికి సరైన కొలతగా చూడాలి. ఆ దూరంలో దానికంటే పెద్దది అవసరం లేదు, చిన్నది కొంటే ఏడాదిలో చిరాకు మొదలవుతుంది.

ఏది కొన్నా పెట్టెను డెలివరీ మనిషి ఎదుటే తెరిపించి, టీవీ వెలిగించి, తెల్లటి బొమ్మ ఒకటి నింపి మూలలన్నీ చూసుకున్నాకే సంతకం పెట్టాలి, ఎందుకంటే రవాణాలో పగిలిన తెర సాధారణంగా వారంటీలోకి రాదు. గోడకు బిగించేటప్పుడు సోఫాలో కూర్చున్నవారి కంటికి తెర మధ్యభాగం సమంగా ఉండేలా గుర్తు పెట్టించాలి. మేకు కొట్టే మనిషి అలవాటు కొద్దీ ఫొటో ఫ్రేము ఎత్తుకు గీత గీస్తాడు, ఆ ఎత్తులో వీఏ తెర రంగులు కింది నుంచి చూసేవారికి వెలిసిపోతాయి, మెడ కూడా నొప్పెడుతుంది.